26 వారాలకే పుట్టిన పాపకి బ్లడ్ గ్యాస్ రిపోర్ట్‌లో పీహెచ్ 7.22 వచ్చింది, "యాసిడ్ పెరిగింది" అంటున్నారు

కరీంనగర్_నాన్న · మంగళవారం రాత్రి 11:52

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్లిపోయేవాణ్ణి, రాయడం ఇదే మొదటిసారి. పోయిన బుధవారం మాకు పాప పుట్టింది, 26 వారాలకే. బరువు 720 గ్రాములు. కిలో పంచదార ప్యాకెట్ కూడా కాదు. పుట్టగానే ఊపిరితిత్తుల్లోకి సర్ఫాక్టెంట్ మందు వేశారు, రెండు రోజులు వెంటిలేటర్ మీద ఉంచి ఇప్పుడు ఊపిరికి గాలి ఒత్తిడితో సాయం చేసే సీప్యాప్‌కి మార్చారు. బొడ్డు దగ్గర రెండు సన్న పైపులున్నాయి. పాలు రెండు గంటలకోసారి ఒక మి.లీ., మిగతాదంతా డ్రిప్‌లోనే.

ఇవాళ సాయంత్రం డ్యూటీ డాక్టర్ "బ్లడ్‌లో యాసిడ్ పెరిగింది, చూస్తున్నాం" అని ఒక్క ముక్క చెప్పి ఇంకో బేబీ దగ్గరికి వెళ్లిపోయారు. ఆయన తప్పనడం లేదు, లోపల ఇరవై మంది పిల్లలున్నారు. రిపోర్ట్ ఫొటో తీసుకున్నా. పీహెచ్ 7.22, కార్బన్ డయాక్సైడ్ 38, బైకార్బ్ 15, బేస్ డెఫిసిట్ (క్షారం లోటు) 11, లాక్టేట్ 1.9, సోడియం 142, క్లోరైడ్ 117, పొటాషియం 4.8.

గూగుల్‌లో పీహెచ్ 7.35 కన్నా తగ్గితే ప్రమాదం అని ఉంది. పక్క బెడ్ బాబుకి నిన్న సోడా (సోడియం బైకార్బొనేట్) ఇంజెక్షన్ ఇచ్చారట, మరి మాకెందుకు ఇవ్వలేదు? ఇంకోటి, మా అత్తగారేమో కడుపుతో ఉన్నప్పుడు మా ఆవిడ చింతపండు పులిహోర తెగ తిన్నది, ఆ పులుపే బిడ్డ రక్తంలోకి ఎక్కింది అంటున్నారు. మా ఆవిడ ఆపరేషన్ కుట్లతో వార్డులో పడుకొని అది విని ఏడుస్తోంది. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

నైట్‌డ్యూటీ_నర్సు · బుధవారం 12:20

తమ్ముడూ, ముందు వార్డుకి వెళ్లి మీ ఆవిడకి చెప్పు, పులిహోరకీ దీనికీ సంబంధం లేదని. పద్నాలుగేళ్లుగా పసిపిల్లల ఐసీయూలో, అదే ఎన్‌ఐసీయూలో చేస్తున్నా, తల్లి తిన్న పులుపు వల్ల ఏ బిడ్డ పీహెచ్ కిందికి దిగలేదు. బిడ్డ కడుపులో ఉన్నప్పుడు ఆ యాసిడ్ సంగతంతా మాయ చూసుకుంటుంది. పుట్టాకే అసలు కష్టం, ఆ పని ఇంకా తయారవని ఊపిరితిత్తుల మీదా కిడ్నీల మీదా పడుతుంది.

రేపు రౌండ్స్‌లో నాలుగు విషయాలు అడుగు. యూరిన్ ఎంత వస్తోంది, బీపీ ఎలా ఉంది, పొట్ట మెత్తగా ఉందా ఉబ్బిందా, గుండె దగ్గర పీడీఏ అని పుట్టాక మూసుకుపోవాల్సిన నాళం తెరుచుకునే ఉందా. ఒక్క పీహెచ్ అంకె పట్టుకొని ఏమీ తేలదు. సోడా ఎందుకు ఇవ్వలేదో డాక్టర్లు చెప్తారు, నేను దాని జోలికి పోను.

సందేహాలరావు · బుధవారం 6:45

నాకు మెడిసిన్ రాదు, లాజిక్ అడుగుతున్నా. యాసిడ్ ఎక్కువైతే సోడా వేస్తే పోవాలి కదా? కడుపులో మంటకి ఈనో తాగినట్టు. ఆసుపత్రిలో సోడా పెట్టుకొని ఇవ్వకపోవడం ఏంటి?

పాత_పిల్లలడాక్టర్ · బుధవారం 8:10

రావు గారి ప్రశ్న మంచిది, ఇరవై ఏళ్లు మేమూ అలాగే ఆలోచించాం. దాని సంగతి తర్వాత. ముందు ఆ రిపోర్ట్ చదువుదాం. బాబూ, మీ పాపకి వైద్యం చేస్తున్నది అక్కడి డాక్టర్లు, నేను అంకెలు చదివి పెడుతున్నానంతే.

రక్తంలో యాసిడ్‌ని బయటికి పంపేవి రెండు. కార్బన్ డయాక్సైడ్ రూపంలో ఊపిరితిత్తులు పంపుతాయి, మిగిలినది కిడ్నీలు పంపుతాయి. పీహెచ్ పడిపోయిందంటే ముందు కార్బన్ డయాక్సైడ్ చూడాలి. మీ పాపది 38. మామూలుగా 40 దగ్గర ఉంటుంది, ఇంత చిన్న పిల్లల్లో 50 ఉన్నా ఊరుకుంటాం. అంటే ఊపిరితిత్తులు తమ పని చేస్తున్నాయి. తప్పు అటువైపు లేదు.

బైకార్బ్ 15. రక్తంలో యాసిడ్‌ని పీల్చుకునే స్పాంజ్ లాంటిది బైకార్బ్. పెద్దవాళ్లలో 24 ఉంటుంది. ఎందుకు తగ్గింది అన్నది రెండో ప్రశ్న. దానికి ఒక చిన్న లెక్క ఉంది: సోడియంలోంచి క్లోరైడ్‌నీ బైకార్బ్‌నీ తీసేయండి. 142 లోంచి 117, 15 పోతే 10 మిగిలింది. దీన్ని యానియన్ గ్యాప్ అంటాం. పసిపిల్లల్లో 16 దాటితే ఒంట్లో కొత్త యాసిడ్ ఏదో తయారవుతోందని అనుమానిస్తాం. ఎక్కువగా లాక్టిక్ యాసిడ్, అంటే రక్తం సరిగ్గా అందక కణాలు ఆక్సిజన్ లేకుండా నెట్టుకొస్తున్నాయన్నమాట. ఇక్కడ గ్యాప్ 10, లాక్టేట్ 1.9. రెండూ బాగున్నాయి. ఎక్కువగా ఉన్నది క్లోరైడ్.

సోడియం, పొటాషియం లాంటివాటికి ప్లస్ చార్జ్, క్లోరైడ్, బైకార్బ్‌లకి మైనస్ చార్జ్. రెండు పక్కలా తూకం సరిపోవాలి. క్లోరైడ్ పెరిగితే బైకార్బ్ తగ్గి చోటివ్వాలి, బస్సులో ఒకే సీటు మీద ఇద్దరు కూర్చున్నట్టు. 26 వారాల కిడ్నీ ఇంకా తయారవుతున్న కిడ్నీ, దానిలోని వడపోత గొట్టాలు 34-36 వారాల దాకా కొత్తగా పుడుతూనే ఉంటాయి. పెద్దవాళ్ల కిడ్నీ 24-26 దాకా బైకార్బ్‌ని యూరిన్‌లోకి పోనివ్వకుండా పట్టుకుంటుంది, ఈ పిల్లలది 18 దగ్గరే చేతులెత్తేస్తుంది. అందుకే ఇంత చిన్నవాళ్లలో 16 నుంచి 20 మధ్య బైకార్బ్ ఉంటే మేం పెద్దగా కంగారుపడం. మీది 15, కొంచెం కింద. కిడ్నీ కారడం కొంత, బయటినుంచి వెళ్తున్న క్లోరైడ్ కొంత. రేపు అడగాల్సింది ఒక్కటే: డ్రిప్పులన్నీ కలిపి రోజుకి ఎంత క్లోరైడ్ వెళ్తోంది?

గూగుల్‌లో చూసిన 7.35 నెలలు నిండిన పిల్లలకీ పెద్దవాళ్లకీ సరిపోయే అంకె. ఈ సైజు పిల్లల్లో చాలా ఎన్‌ఐసీయూలు 7.2కి పైన ఉంటే ముందు కారణం వెతుకుతాయి, మందు తర్వాత.

ల్యాబ్_బాబాయ్ · బుధవారం 9:35

డాక్టర్ గారు చెప్పాక నేను చెప్పేదేముంది గానీ, రిపోర్ట్ నమ్మే ముందు శాంపిల్‌ని కూడా అనుమానించాలి అన్నది మా డిపార్ట్‌మెంట్ బాధ.

సిరంజిలో రక్తం గడ్డకట్టకుండా వేసే హెపారిన్ ద్రవం కాస్త ఎక్కువ మిగిలిపోయిందా, రక్తం పలచబడి బైకార్బ్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. గాలి బుడగ పట్టేసిందా, కార్బన్ డయాక్సైడ్ తగ్గి పీహెచ్ పైకి పోతుంది. శాంపిల్ అరగంట టేబుల్ మీద పడుందా, లోపలి కణాలు గ్లూకోజ్ తింటూనే ఉంటాయి, లాక్టేట్ పెరుగుతుంది, పీహెచ్ దిగుతుంది. మడమ పిండి పిండి తీస్తే కణాలు పగిలి పొటాషియం ఆకాశానికి పోతుంది. ఒకసారి రాత్రి మూడింటికి ఒక శాంపిల్‌లో పొటాషియం 8.1 వచ్చి వార్డంతా పరుగులు పెట్టారు. బొడ్డు పైపులోంచి మళ్లీ తీస్తే 4.9.

మరీ ముఖ్యమైంది, అలా అని మళ్లీ మళ్లీ తీయించకండి. 720 గ్రాముల పాప ఒంట్లో మొత్తం రక్తం 65 మి.లీ. దగ్గర ఉంటుంది, టీ గ్లాసు నిండదు. ఒక మి.లీ. తీస్తే పెద్దవాళ్లలో 75 మి.లీ. తీసినట్టు. కొత్త మెషీన్లకి 0.1 మి.లీ. చాలు, పాతవాటికి ఎక్కువ కావాలి. మీ యూనిట్‌లో ఏది వాడుతున్నారో అడిగినా తప్పు లేదు.

సందేహాలరావు · బుధవారం 10:02

సరే. మరి సోడా?

పాత_పిల్లలడాక్టర్ · బుధవారం మధ్యాహ్నం 2:15

సోడా కథ.

1963లో కెనడాలో, మాంట్రియల్‌లో, రాబర్ట్ అషర్ అనే డాక్టర్ ఊపిరాడని నెలతక్కువ పిల్లలకి గ్లూకోజ్, సోడియం బైకార్బొనేట్ కలిపి నరంలోకి ఎక్కించే పద్ధతి రాశారు. అప్పట్లో ఈ పిల్లలకి చేయడానికి వేరే ఏమీ లేదు. సర్ఫాక్టెంట్ లేదు, పిల్లల సైజు వెంటిలేటర్ లేదు. అదే ఏడు అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుకు అయిదున్నర వారాల ముందు పుట్టి ఊపిరాడక 39 గంటలకే చనిపోయాడంటే అప్పటి పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. దాంతో బైకార్బ్ ప్రపంచమంతా పాకింది. మా దాకా వచ్చింది. 1980ల్లో నేను పీజీ చేస్తున్నప్పుడు పీహెచ్ తగ్గిందంటే ఆలోచించేది లేదు, సోడా ఉన్న గాజు ఆంప్యూల్ మెడ విరవడమే.

అందులో మూడు చిక్కులున్నాయి. ఒకటి, బైకార్బ్ యాసిడ్‌తో కలిశాక నీళ్లూ కార్బన్ డయాక్సైడూ అవుతుంది. ఈనో గ్లాసులో నురుగు పొంగినట్టే, రావు గారు సరిగ్గానే పోల్చారు. మీరు ఈనో తాగితే ఆ గ్యాస్ త్రేన్పులో పోతుంది. ఊపిరితిత్తులు సరిగ్గా పనిచేయని బిడ్డలో అది ఎక్కడికి పోవాలి? రక్తంలోనే ఉండి కణాల్లోకి దూరుతుంది. రిపోర్ట్‌లో పీహెచ్ బాగుపడినట్టు కనిపిస్తుంది, కణం లోపల ఇంకా పులుస్తుంది. రెండు, మన దగ్గర దొరికే 7.5 శాతం ఆంప్యూల్ రక్తం కన్నా ఆరు రెట్లు గాఢం. సగానికి సగం నీళ్లు కలిపినా గాఢమే. అది జోరుగా ఎక్కితే మెదడులో పట్టుదారాల్లాంటి నాళాలు తట్టుకోవు. 26 వారాల బిడ్డ మెదడు మధ్యలో రక్తస్రావం అయ్యే చోటు ఒకటుంది, మొదటి మూడు నాలుగు రోజులు దానికి గండం. మూడు, దానితోపాటు సోడియం కూడా పెరుగుతుంది.

1986లో ఒక బాబు. 900 గ్రాములు. అర్ధరాత్రి నా చేత్తోనే సోడా పుష్ చేశా, అంటే సిరంజితో ఒక్కసారిగా ఎక్కించా, అప్పటి పద్ధతి ప్రకారమే. పీహెచ్ 7.12 నుంచి 7.30కి వచ్చింది, నేను గర్వంగా కేస్‌షీట్‌లో ఎర్ర ఇంకుతో రాశా. మర్నాడు సాయంత్రానికి మాడు ఉబ్బింది, మెదడులో రక్తస్రావం. నా సోడా వల్లే అని రుజువు చూపించలేను, ఆ పిల్లలకి అది ఊరికే కూడా జరుగుతుంది. కానీ ఆ ఎర్ర అంకె నాకు ఇప్పటికీ కనబడుతుంది.

తర్వాత్తర్వాత లెక్కలు తీస్తే, సోడా ఇచ్చిన పిల్లలు ఇవ్వనివాళ్ల కన్నా బాగా బతికారన్న రుజువు దొరకలేదు. కాన్పు గదిలో బిడ్డని బతికించే పద్ధతుల్లో కూడా దాన్ని మామూలు మందుల జాబితానుంచి తీసేశారు.

పీజీ_కష్టాలు · బుధవారం సాయంత్రం 7:30

సార్, గౌరవంగానే విభేదిస్తున్నా. సోడా విషం అన్నట్టు పేరెంట్స్‌కి వెళ్తే రేపు మేం నిజంగా ఇవ్వాల్సి వచ్చినప్పుడు సంతకం పెట్టరు. కిడ్నీలోంచి బైకార్బ్ కారిపోతున్న బిడ్డలో, ఊపిరితిత్తులు బాగున్నప్పుడు, లోటులో సగం లెక్కేసి, పలచన చేసి, గంటల తరబడి నెమ్మదిగా ఎక్కిస్తాం. అది పోయినదాన్ని తిరిగి పెట్టడం, పుష్ చేయడం కాదు. పక్క బెడ్ బాబుకి ఇచ్చింది అదే అయ్యుండొచ్చు, అతని రిపోర్ట్ చూడకుండా పోల్చకూడదు.

పాత_పిల్లలడాక్టర్ · బుధవారం సాయంత్రం 7:52

ఒప్పుకుంటున్నా డాక్టర్. పుష్‌కీ డ్రిప్‌కీ తేడా నేను రాయాల్సింది, రాయలేదు. రక్తప్రసరణ సరిగ్గా లేని బిడ్డకి సోడా పోసి పీహెచ్ సరిచేశామనుకోవడమే నా గొడవ.

డాలస్_ఆర్‌టీ · బుధవారం రాత్రి 10:40

నేను ఇక్కడ రెస్పిరేటరీ థెరపిస్ట్‌ని, మాది ఏలూరు. కార్బన్ డయాక్సైడ్ వైపు మాట ఒకటి. కరీంనగర్ అన్నయ్యా, రేపో ఎల్లుండో మీ పాప రిపోర్ట్‌లో అది 55 అని రావచ్చు, అప్పుడు భయపడొద్దు, అది కావాలని వదిలేసింది కావచ్చు. వెంటిలేటర్‌తో జోరుగా ఊది 35కి తెచ్చామనుకోండి, లేత ఊపిరితిత్తి నలిగిపోతుంది. పైగా కార్బన్ డయాక్సైడ్ మరీ తగ్గితే మెదడు నాళాలు ముడుచుకుంటాయి, మరీ పెరిగితే ఉబ్బుతాయి. అందుకని మధ్యలో, కొంచెం ఎక్కువ వైపుకే ఉంచి, ఊగిసలాట లేకుండా చూసుకుంటాం. బండ గుర్తు ఏంటంటే కార్బన్ డయాక్సైడ్ 10 పెరిగితే పీహెచ్ 0.08 తగ్గుతుంది. 40 దగ్గర 7.40 ఉంటే 60కి 7.24. అలా వచ్చిన 7.24 వేరు, మీ 7.22 వేరు.

దీని వెనక నాకు ఇష్టమైన కథ ఒకటుంది. 1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో విరుచుకుపడింది. ఊపిరి కండరాలు పడిపోయినవాళ్ల రక్తంలో బైకార్బ్ బాగా ఎక్కువ ఉందని అక్కడి బ్లెగ్‌డమ్ ఆసుపత్రి డాక్టర్లు క్షారం పెరిగిపోయిందనుకున్నారు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టర్ వచ్చి, కాదు, అది లోపల చిక్కుకుపోయిన కార్బన్ డయాక్సైడ్, వీళ్లకి ఊపిరి అందడం లేదు అన్నారు. ఆగస్టు 27న పన్నెండేళ్ల అమ్మాయి గొంతుకి రంధ్రం చేసి, పైపు పెట్టి చేత్తో బ్యాగ్ నొక్కారు, పిల్ల బతికింది. తర్వాత 1,500 మంది విద్యార్థులు వంతులవారీగా రాత్రింబవళ్లు బ్యాగులు నొక్కారు. పీహెచ్ కొలిచి ఆ విషయం రుజువు చేసే పనిలో ఉన్న పౌల్ ఆస్ట్రుప్ ల్యాబ్ నుంచే తర్వాత ఈ బ్లడ్ గ్యాస్ మెషీన్ల వరస మొదలైంది, మీ రిపోర్ట్‌లో ఉన్న బేస్ డెఫిసిట్ కూడా ఆ ఊరి పంటే. ఒకే అంకెని తిరగేసి చదవడం వల్ల ఎంత తేడా వచ్చిందో చూడండి.

కరీంనగర్_నాన్న · గురువారం మధ్యాహ్నం 1:05

అందరికీ వేలవేల దండాలు. ఇవాళ రౌండ్స్‌లో పెద్ద డాక్టర్ ఉన్నారు, కాగితం మీద రాసుకెళ్లి క్లోరైడ్ గురించి అడిగా. ఆయన నావైపు ఒకసారి చూసి, "ఎవరు చెప్పారు మీకు?" అన్నారు. కోప్పడతారేమో అనుకున్నా, నవ్వారు. నిన్న వాళ్లు కూడా అదే అనుకున్నారట. యూరిన్ బాగానే ఉంది, బీపీ బాగుంది, పొట్ట మెత్తగా ఉంది, పీడీఏ చిన్నది ఉంది, చూస్తున్నారు. బొడ్డు ధమని పైపు మూసుకుపోకుండా సెలైన్ గంటకి అర మి.లీ. వెళ్తోందట. అర మి.లీ.తో ఏమవుతుంది అనుకున్నా.

నైట్‌డ్యూటీ_నర్సు · గురువారం 3:30

అర మి.లీ.తో ఏమవుతుందా! కాయితం పెన్ను తీసుకో తమ్ముడూ. గంటకి అర అంటే రోజుకి 12 మి.లీ. మామూలు సెలైన్‌లో లీటరుకి 154 మిల్లీ ఈక్వివలెంట్ల (లవణాల్ని కొలిచే యూనిట్) క్లోరైడ్, అంటే 12 మి.లీ.లో దాదాపు 1.85. ఇంజెక్షన్ ఇచ్చిన ప్రతిసారీ వెనకాలే పైపు కడగడానికి అర మి.లీ. సెలైన్ ఫ్లష్ కొడతాం, రోజుకి పది అనుకో, ఇంకో 0.77. మొత్తం 2.6. మీ పాప 720 గ్రాములు కాబట్టి కిలోకి లెక్కేస్తే 3.6. ఆ పాపకి రోజుకి కావలసిన క్లోరైడ్ అంతా ఆ పైపు సెలైన్‌లో, మా ఫ్లష్షుల్లోనే వెళ్లిపోయింది, టీపీఎన్‌లో (నరంలోకి ఎక్కించే పోషకాల డ్రిప్‌లో) ఉన్నది దానిమీద బోనస్. చార్ట్‌లో ఫ్లష్‌లు ఎవరూ రాయరు. నేను కొత్తగా చేరినప్పుడు నేనూ రాయలేదు. సిరంజిలో మిగిలిందంతా ఎందుకు పారేయాలని పూర్తిగా కొట్టేసేదాన్ని, మా ఇన్‌చార్జ్ సిస్టర్ చెయ్యి పట్టుకొని ఆపేది.

కరీంనగర్_నాన్న · గురువారం రాత్రి 9:10

అక్కా, నువ్వు చెప్పినట్టే చేశారు! పైపులో సెలైన్ సగం గాఢతది పెట్టారట, టీపీఎన్‌లో క్లోరైడ్ తగ్గించి ఎసిటేట్ కలిపారట. అది లివర్‌లో బైకార్బ్‌గా మారుతుంది అని చెప్పారు. సోడా ఇవ్వలేదు.

కరీంనగర్_నాన్న · శనివారం ఉదయం 8:20

పీహెచ్ 7.29, బైకార్బ్ 17, క్లోరైడ్ 110. మా ఆవిడ వీల్‌చెయిర్‌లో వచ్చి పాపని మొదటిసారి ముట్టుకుంది. వేలు పెడితే పట్టుకుంది.

సందేహాలరావు · శనివారం 8:41

శుభం. కానీ 17 కూడా 24 కన్నా తక్కువేగా?

పాత_పిల్లలడాక్టర్ · శనివారం 9:00

ఈ పాపకి ఇప్పటికి 17 చాలు రావు గారూ.

అమ్మలు_27 · శనివారం రాత్రి 11:15

ఇప్పుడే మొత్తం చదివా. మా బాబు 27 వారాలు, 890 గ్రాములు, ఇప్పుడు రెండో తరగతి. నిన్న హోంవర్క్ చేయనని బ్యాగ్ కిటికీలోంచి విసిరాడు. మాకు ఈ యాసిడ్ గొడవ మొదటి వారంలో కాదు, మూడో వారంలో వచ్చింది, అందరూ ఇక గండం గడిచింది అనుకున్నాక. ఫుల్ ఫీడ్స్ మీద ఉన్నాడు, నా పాలలో పొడి కలిపి ఇస్తున్నారు. నాలుగు రోజులు బరువు పెరగలేదు. 1,040 గ్రాముల దగ్గర అతుక్కుపోయాడు. మేమున్న చోట మొదట్లో అందరూ నా పాల మీదే పడ్డారు, పాలు పలచగా ఉన్నాయి, తల్లి సరిగ్గా తినడం లేదు అని. మా అమ్మ నాకు నెయ్యి, వెల్లుల్లి కారం పెట్టి పెట్టి చంపింది. చివరికి ఒక డాక్టరమ్మ గ్యాస్ చేయిస్తే బైకార్బ్ 14. పొడిలోని ప్రొటీన్ అరిగాక మిగిలే యాసిడ్‌ని ఆ లేత కిడ్నీ బయటికి పంపలేకపోతోందట, లేటుగా వచ్చే అసిడోసిస్ అని చెప్పింది. పొడి కొంచెం తగ్గించి, పాలలో కొద్దిగా సోడా కలిపి కొన్నాళ్లు ఇచ్చారు, వారంలో బరువు కదిలింది. అన్నయ్యా, ఇది ఇప్పుడు మీకు అక్కర్లేదు, మూడో వారంలో బరువు ఆగితే గుర్తుపెట్టుకోండి. వదినకి చెప్పండి, ఎవరేమన్నా పాలు తీయడం ఆపొద్దని.

కరీంనగర్_నాన్న · సోమవారం తెల్లవారుజాము 4:35

ఎవరైనా మేల్కొని ఉన్నారా? పాప పన్నెండో రోజు. రాత్రి రెండు నుంచి ఊపిరి ఆపేస్తోంది, మళ్లీ తట్టి లేపుతున్నారు. రంగు బూడిదలా ఉంది. పీహెచ్ 7.21, కార్బన్ డయాక్సైడ్ 44, బైకార్బ్ 17, సోడియం 138, క్లోరైడ్ 104, లాక్టేట్ 5.4. బైకార్బ్ 17 చాలు అన్నారు కదా, మరి ఇది ఎందుకు ఇలా ఉంది?

నైట్‌డ్యూటీ_నర్సు · సోమవారం 4:41

తమ్ముడూ, ఫోన్ జేబులో పెట్టుకొని ఎన్‌ఐసీయూ తలుపు దగ్గరే ఉండు. సంతకాలు అడిగితే వెంటనే పెట్టు. వాళ్లు చూస్తున్నారు కదా, అది చాలు.

పాత_పిల్లలడాక్టర్ · సోమవారం 5:50

ఇప్పుడే చూశాను. బాబూ, తర్వాత వీలున్నప్పుడు చదువుకోండి. అదే 17, కానీ ఈసారి లెక్క వేరు. 138 లోంచి 104, 17 తీస్తే 17. గ్యాప్ పెరిగింది, లాక్టేట్ 5.4. ఈసారి యాసిడ్ ఒంట్లోనే తయారవుతోంది. రంగు మారడం, ఊపిరి ఆగడం కలిస్తే ముందు ఇన్‌ఫెక్షన్ కోసం, పేగుల కోసం చూస్తారు. పాలు ఆపి, ఏ క్రిమి ఉందో తేల్చే కల్చర్‌కి రక్తం తీసి, యాంటీబయాటిక్ మొదలుపెట్టి, పొట్ట ఎక్స్‌రే తీసి ఉంటారు. ఇక్కడ సోడా పోస్తే అంకె మారుతుంది, జబ్బు మారదు.

కరీంనగర్_నాన్న · సోమవారం మధ్యాహ్నం 12:30

మీరు రాసినవన్నీ చేశారు సార్. ఎక్స్‌రేలో పేగులు బాగానే ఉన్నాయన్నారు. మళ్లీ వెంటిలేటర్. బీపీకి మందు పెట్టారు. నేనిక రాయలేను.

డాలస్_ఆర్‌టీ · సోమవారం 1:15

ఉన్నాం అన్నయ్యా.

కరీంనగర్_నాన్న · గురువారం రాత్రి 8:45

కల్చర్‌లో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా వచ్చింది. యాంటీబయాటిక్ మార్చారు. లాక్టేట్ సోమవారం రాత్రి 4.1, మంగళవారం 2.6, ఇవాళ 1.7. బీపీ మందు ఆపేశారు. ఒక యూనిట్ రక్తంలోంచి 11 మి.లీ. ఎక్కించారు, ల్యాబ్ బాబాయ్ చెప్పినట్టు తీసిన శాంపిళ్లే అంత అయ్యుంటాయి. మా ఆవిడ మూడు గంటలకోసారి పాలు తీసి ఫ్రిజ్‌లో పెడుతూనే ఉంది, పాప తాగకపోయినా. అమ్మలు గారు రాసింది చదివి వినిపించా, బ్యాగ్ విసిరిన ముక్క దగ్గర నవ్వింది. వారంలో అదొక్కటే నవ్వు.

పీజీ_కష్టాలు · గురువారం రాత్రి 10:20

లాక్టేట్ దిగే తీరు బాగుంది. ఒక్క రీడింగ్ కన్నా ఆ వరసనే మేం ఎక్కువ నమ్ముతాం.

కరీంనగర్_నాన్న · ఆరు వారాల తర్వాత, ఆదివారం

చాలా రోజులైంది, క్షమించాలి. పాపకి ఇప్పుడు 1,310 గ్రాములు. ఆక్సిజన్ కొద్దిగా ముక్కు దగ్గర గొట్టంతో. నాలుగో వారంలో బరువు ఆగింది, నేనే అడిగా "లేటు అసిడోసిసా?" అని. గ్యాస్ చేస్తే బైకార్బ్ 19 ఉంది, అది కాదన్నారు, పాలు పెంచారు, కదిలింది. తలకి చేసిన స్కాన్‌లో చిన్న రక్తస్రావం మొదటి గ్రేడ్ అన్నారు, కంటి పరీక్ష రెండుసార్లు అయింది, మళ్లీ రమ్మన్నారు. రోజుకి ఆరు గంటలు మా ఆవిడ గుండెలకి కట్టుకొని కూర్చుంటోంది, మిగతా కాసేపు నేను. నా ఛాతీ మీద వెంట్రుకలకి తుమ్ముతుంది.

మడమ మీద గుచ్చిన చుక్కలు లెక్కపెట్టబోయి వదిలేశా. ఇవాళ్టి గ్యాస్ రిపోర్ట్ నర్సు నా చేతికే ఇచ్చి "చదివి చెప్పండి సార్" అంది. పీహెచ్ 7.34, కార్బన్ డయాక్సైడ్ 47, బైకార్బ్ 24. ఊపిరితిత్తులు కొంచెం వెనకబడ్డాయి, కిడ్నీ పట్టుకుంటోంది అన్నా. ఆమె ఏమీ అనలేదు, కాగితం తీసుకొని ఫైల్‌లో పెట్టింది.

అత్తగారు నిన్న డబ్బాలో పులిహోర తెచ్చారు. ఎవరూ ఏమీ మాట్లాడలేదు, తిన్నాం.

సందేహాలరావు · ఆదివారం

చాలా సంతోషం. క్లోరైడ్ ఎంత?

కరీంనగర్_నాన్న · ఆదివారం

104 రావు గారూ.